మేనేజరుగారి రబ్బరు బొమ్మ

నేను ముందుగది ఊడుస్తున్నాను. మా ఇంట్లో ముందుగది ఊడవడమంటే దుమ్ము ఊడవడం కాదు, ప్లాస్టర్ పొడి ఊడవడం. చీపురు జోరుగా ఆడిస్తే అది లేచి మళ్ళీ అన్నిటిమీదా కూర్చుంటుంది. అందుకని చీపురుకి తడిగుడ్డ చుట్టి, నేలని బుజ్జగిస్తున్నట్టు మెల్లగా లాగాలి. నా వెనకాలే మేనేజరు నడుస్తోంది. ఏ మూలైనా వదిలేశానంటే అక్కడ కూర్చుని నా మొహంలోకి చూస్తుంది. దానికి ఆ పేరు ఊరికే రాలేదు.

మేనేజరు మా కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకొకటి వాలి ఉంటుంది. ఒక వానరోజు మా మెట్లమీద ముడుచుకుని పడుకున్న కూన అది. అమ్మ తన పాత దుప్పటిలో చుట్టి లోపలికి తెచ్చింది. ఆ రోజునుంచి అమ్మ పనిబల్ల పక్కనే దాని ఉద్యోగం. వచ్చేవాళ్ళని ఎగాదిగా చూసి గానీ లోపలికి రానివ్వదు.

అమ్మ పళ్ళసెట్లు చేస్తుంది. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. అమ్మ వాటిలో ప్లాస్టర్ పోసి చిగుళ్ళ నమూనా తీస్తుంది, మైనంమీద పళ్ళు పేరుస్తుంది, ఆ మొత్తాన్ని ఇత్తడి మూసలో పెట్టి మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీరంగు పిండి కూరి బిగిస్తుంది. వీధిలో అందరూ ఆమెని పళ్ళావిడ అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు సంచీ పట్టుకొచ్చి అరటిపళ్ళు అడిగిన రోజులు కూడా ఉన్నాయి. "నా దగ్గరున్నవి కొరికేవి, కొరుక్కుతినేవి కావు" అని చెప్పి పంపించేది అమ్మ.

వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న ఈ పని అంటే అమ్మకి గర్వం. దాన్ని దాచుకోదు కూడా. మూసలో పిండి కూరేటప్పుడు గాలి చిక్కుకుంటే సెట్టులో బుడగ మిగులుతుంది. బుడగ ఉన్నచోట సెట్టు విరుగుతుంది. "నా సెట్టులో బుడగ చూపించినవాడికి నా సొంత పళ్ళు ఊడబీకి ఇస్తా" అంటుంది అమ్మ. ఇప్పటిదాకా ఆ పళ్ళు అడగడానికి ఎవరూ రాలేదు.

ఆ ముందురోజు సాయంత్రం పెద్ద పళ్ళ ఆస్పత్రినుంచి పెద్ద డాక్టరుగారు ఫోన్ చేశారు. అక్కడ సెట్లు చేయడం నేర్చుకునే పిల్లలకి చేతిపని నేర్పడానికి రమ్మన్నారు, వచ్చే నెల మొదటినుంచి. అమ్మ "ఆలోచించి చెప్తానండీ" అని ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న సెట్టుకి మెరుగు పెట్టడం మొదలుపెట్టింది. అది అప్పటికే మెరుగు పెట్టేసిన సెట్టు. నేను చెప్పలేదు. నాన్న బస్సు డ్రైవరు. ఆయనకి విషయం తెలిసిన మరుక్షణమే డిపో అంతటికీ తెలిసిపోయింది. ఇంటికి రాగానే, "ఇక నిన్ను మేడమ్ అనాలా, టీచరుగారూ అనాలా?" అని అడిగాడు. "ముందు చేతులు కడుక్కో" అంది అమ్మ. కానీ ఆ పూట కూర వడ్డిస్తూ తనలో తను నవ్వుకోవడం చూశాను.

ఊడవడం అయ్యేసరికి అమ్మ నవ్వు కూడా అయిపోయింది. బల్ల దగ్గర కూర్చుని మేనేజరు తల నిమురుతూ, "మరి వీడినేం చేద్దాం?" అంది.

అదే అసలు చిక్కు. నాన్న తెల్లవారకముందే డిపోకి వెళ్ళిపోతాడు. నేను పొద్దున్నే ఫోటో స్టూడియోలో పనికి వెళ్ళిపోతాను. అమ్మ ఇంట్లోనే పని చేస్తుంది కాబట్టి మేనేజరు పుట్టి బుద్ధెరిగాక ఒంటరిగా ఉన్నది ఒక్కసారే. నాన్న తోటి డ్రైవరు రిటైరైన సభకి ముగ్గురం వెళ్ళాం. తిరిగొచ్చేసరికి తలుపు కింది చెక్క చీలికలై ఉంది. తెర నేలమీద ఉంది. నాన్న యూనిఫామ్ టోపీకి పైనున్న గుండీ మాత్రం మిగిలింది. మేనేజరు గొంతు బొంగురుపోయి, మమ్మల్ని చూసి అరవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు.

కింది వాటాలో ఉండే ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. ఆవిడ మావగారు మంచంలో ఉన్నారు. "మీవాడు ఏడుస్తుంటే మా మావగారు లేచి కూర్చుని ఆయనా మొదలెట్టారు. ఒకరిని ఓదార్చగలను గానీ ఇద్దర్నెలా ఓదార్చను?" అని, ఇంకోసారి ఇలా జరిగితే కుక్కో ఇల్లో మీరే తేల్చుకోండని చెప్పి దిగిపోయింది.

అమ్మకి వచ్చిన ఫోన్ విషయం తెలిసి మావయ్య వచ్చాడు. తన గోదాములో గొలుసు వేసి కట్టేస్తానని, కాపలాకి పనికొస్తుందని అన్నాడు. అమ్మ మేనేజరు వైపు చూసింది, గొలుసు అన్న మాటకి దాని మెడ వైపు చూసింది. "వీడిని కట్టేసి నేను పాఠాలు చెప్పడానికి వెళ్ళను. వద్దని చెప్పేస్తాను డాక్టరుగారికి" అంది. మావయ్య ఇంకేదో అనబోతే టీ గ్లాసు చేతిలో పెట్టింది. తమ్ముడి నోరు మూయించడానికి అమ్మ దగ్గర ఎప్పుడూ ఉండే ఉపాయం అదే.

నెలాఖరులోపు డాక్టరుగారికి మాట చెప్పాలి.

మేనేజరుకి సూది వేయించడానికి తీసుకెళ్ళినప్పుడు నేను పశువుల డాక్టరమ్మతో ఈ సంగతి చెప్పాను. ఒంటరిగా ఉన్నప్పుడు దానికి భయం, ఆ భయానికి ఏదో ఒకటి నమలాలి, నమలడానికి మీరేమీ ఇవ్వలేదు కాబట్టి అది తలుపుని ఎంచుకుంది అని ఆవిడ చెప్పింది. లోపల తిండి నింపి ఇచ్చే గట్టి బొమ్మలు ఉంటాయట. తిండిని బయటికి తీసుకునే పనిలో పడితే కుక్కకి మనసు కుదురుతుందట. మంచి బొమ్మ అయితే నెలల తరబడి మన్నుతుందట.

మన్నడం అనే మాట నాన్న చెవిన పడింది. మర్నాడే కొట్టుకెళ్ళి ఎముక ఆకారంలో ఉన్న తెల్లటి బొమ్మ తెచ్చాడు. మధ్యలో తిండి కూరే బెజ్జం. బల్లమీద కొడితే టక్కున రాయిలా మోగింది. "బస్సు చక్రం కింద పెట్టినా చెక్కుచెదరదు" అన్నాడు. అమ్మ తన చిన్న సుత్తితో తట్టి చూసి మెచ్చుకుంది. విరగనిదే మంచిదని జీవితమంతా నమ్మిన మనిషి. మేనేజరు ఆనందంగా దాన్ని అందుకుని కరకరలాడించింది.

నాలుగు రోజులకి అమ్మ దాని నోరు తెరిచి చూసింది. ఎవరి నోరు కనబడినా లోపలికి చూడడం అమ్మకి అలవాటు. పై దవడలో ఒక పెద్ద పన్ను కొస విరిగింది. చిన్న ముక్కే. డాక్టరమ్మ చూసి లోపలి నరానికి దెబ్బ తగల్లేదు, నొప్పి ఉండదు, అలా వదిలేయొచ్చు అంది. "గోరు దిగనిదేదీ దాని పంటికింద పెట్టకండి" అని కూడా అంది.

అమ్మకి అవమానమైపోయింది. ఊరందరి నోళ్ళకీ పళ్ళు పెట్టే ఇంట్లో, తను బల్ల దగ్గర కూర్చుని ఉండగా, ఒక పన్ను విరిగింది. నాన్న చప్పుడు చేయకుండా ఆ తెల్ల బొమ్మని చెత్తబుట్టలో వేశాడు. "ఈసారి నేనే తెస్తా" అంది అమ్మ.

పని తన చేతికి వచ్చాక అమ్మ తన పద్ధతిలోనే మొదలుపెట్టింది. మైనం పలక గోరువెచ్చగా చేసి మేనేజరు నోట్లో పెట్టి, "కొరుకు నాన్నా" అంది. మొదటి పలకని అది మింగబోయింది. అమ్మ వేళ్ళు పెట్టి లాగింది. రెండో పలకమీద మటుకు దవడ అచ్చు చక్కగా పడింది. దాన్ని గుడ్డలో చుట్టి, అది కరగకుండా చల్లటి నీళ్ళ సీసా పక్కన పెట్టి, నన్ను తోడు తీసుకుని కొట్టుకి బయలుదేరింది.

కొట్టతను మైనం పలకని చూసి ఇదేంటన్నాడు. మావాడి నోరు అంది అమ్మ. ఒక్కో బొమ్మనీ ఆ అచ్చు పక్కన పెట్టి చూసింది. నోట్లో మొత్తం పట్టేవి పక్కకి తోసేసింది, గొంతుకి అడ్డం పడతాయని. మిగిలినవాటిని బొటనవేలి గోటితో నొక్కింది. గోరు దిగాలి, తీశాక ఆ గాటు మెల్లగా మాయమైపోవాలి. ముక్కలై ఊడొచ్చేంత మెత్తగానూ ఉండకూడదు. తర్వాత బెజ్జాలు చూసింది. ఒకవైపే బెజ్జం ఉన్నవి వద్దంది. రెండో చివర గాలి ఆడకపోతే నాలుక లోపలికి పీల్చుకుపోయి ఇరుక్కుంటుందని డాక్టరమ్మ చెప్పింది. చివరికి వాసన కూడా చూసింది.

కొట్టతను ఓపిగ్గా నిలబడి, "ఇవన్నీ కుక్క అడిగిందా అమ్మా?" అన్నాడు.

"అడగలేదు. అడిగే నోరు లేదు కనకే నేనొచ్చాను" అంది అమ్మ.

ఎర్రటి రబ్బరు బొమ్మలు ఒకేలాంటివి రెండు తీసుకుంది, ఒకటి కడిగి ఆరబెట్టేలోపు ఇంకొకటి ఉండాలని. కింద లావుగా, పైకి సన్నగా, మూడు బంతులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయి. దారంతా అమ్మ ఆ సంచీని పళ్ళసెట్ల పెట్టె మోసినంత జాగ్రత్తగా పట్టుకుంది.

ఇంటికొచ్చి నింపడం మొదలుపెట్టింది. ఉప్పు వేయకుండా ఉడికించిన అన్నం, క్యారెట్, గుడ్డు, చెంచాడు పెరుగు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్, చక్కెరకి బదులు వాడే తీపిమందులు కుక్కకి విషమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బొమ్మలో పెట్టినంత మేరా గిన్నెలో తగ్గించాలని, లేకపోతే మేనేజరు సోఫాలా తయారవుతుందని కూడా అంది. అమ్మ అన్నీ మెత్తగా మెదిపి, పని చేసే చిన్న గరిటెతో కొంచెం కొంచెం కూరింది. ప్రతిసారీ వేలితో అదిమింది. బొమ్మని బల్లమీద తట్టింది, గాలి పైకి రావడానికి. మళ్ళీ కూరింది. అంచుకి సమంగా కోసి, తడిగుడ్డతో తుడిచింది. చూడ్డానికి ఎంత బాగుందంటే, దాన్ని స్టూడియోలో పెట్టి ఫోటో తియ్యమని నాన్న నాతో అన్నాడు. దాన్ని ఫ్రీజరులో పెట్టింది, ఎక్కువసేపు వస్తుందని.

మర్నాడు పొద్దున్న దాన్ని మేనేజరు ముందు పెట్టి, వంగి, "నేను బజారుకెళ్ళొస్తాను రా కన్నా. కూరగాయలు తెచ్చుకుని వచ్చేస్తా. ఏడవకు. బొమ్మ తిను. అక్క కూడా లేదు, నాన్న కూడా లేడు, భయపడకు, సరేనా" అని చెప్పి తలుపు వేసింది. నేను మెట్ల మలుపులో నిలబడి కిటికీ సందులోంచి చూశాను. మేనేజరు బొమ్మని నాకింది, కాలితో అదిమిపట్టింది, బెజ్జం అంచుని కొరికింది, తిప్పింది, మళ్ళీ నాకింది. కాసేపటికి దాన్ని వదిలేసి తలుపు దగ్గరికి వచ్చి మెడ పైకెత్తింది. కింది ఇంటావిడ కిటికీ తలుపు మూసిన చప్పుడు వినబడింది. కింద ఆగి ఉన్న అమ్మా, నేనూ పరుగున లోపలికి వెళ్ళాం.

ఆ తర్వాతి రోజూ అంతే. ఫ్రీజరులో పెట్టకుండా ఇచ్చినా అంతే.

"వీడికి కష్టపడి తినడం రాదు. నేనే పాడుచేశాను, చేత్తో పెట్టి పెట్టి" అంది అమ్మ. నెల సగం గడిచిపోయింది. ఫోన్ చేతిలోకి తీసుకుని డాక్టరుగారి నంబరు వెతికింది.

నోట్లో నాలుక లేనిదాన్నని మా బంధువులు నా గురించి అంటుంటారు. కానీ అప్పుడు అమ్మ చేతిమీద చెయ్యివేసి, "రేపు చెప్పమ్మా" అన్నాను. అమ్మ నన్ను వింతగా చూసి ఫోన్ పక్కన పెట్టింది.

కడగడానికి బొమ్మ నా దగ్గరికే వస్తుంది. సీసాలు తోమే బ్రష్షుతో లోపలంతా తోముతాను. ఆ తోమడంలో నేను గమనించింది ఒక్కటే. మేనేజరు పళ్ళగాట్లు బెజ్జం చుట్టూ చాలా ఉన్నాయి, లోపలి తిండి మాత్రం నాలుక అందినంత వరకే పోయింది. ఆ కింద అచ్చు పోసినట్టు అలాగే ఉంది. బ్రష్షుతో నేనే ఊడదీయలేకపోతున్నాను. మేనేజరు కష్టపడలేదని ఎలా అంటాం? కష్టపడింది, కానీ ఏమీ రాలలేదు.

ఆ సాయంత్రం రెండో బొమ్మ నేను నింపాను. దాని రోజువారీ పొడి గింజలే తీసుకుని వదులుగా పోశాను. మధ్యలో రెండు క్యారెట్ ముక్కలు వేసి, బెజ్జం దగ్గర కొంచెం పెరుగన్నం పూశాను. ఊపితే లోపల గలగలలాడింది. మేనేజరు ముందు పెట్టాను. అది నాకింది. బొమ్మ దొర్లింది. రెండు గింజలు రాలాయి. మేనేజరు చెవులు రెండూ, వాలినదానితో సహా, నిలబడ్డాయి. కాలితో తన్నింది. ఇంకో గింజ రాలింది. తర్వాత అది గదంతా బొమ్మని తరిమింది. బల్ల కింద, కుర్చీ చుట్టూ, నాన్న చెప్పుల మీదనుంచి. చెప్పులవైపు చూడనైనా చూడలేదు.

అమ్మ వచ్చి బొమ్మ ఎత్తి ఊపి చూసింది. "ఇదేంటి, లోపలంతా డొల్ల. ఇలాగేనా నింపేది?"

"అమ్మా, నువ్వు నింపేది జన్మలో ఊడకుండా ఉండాలని నింపుతావు. ఇది ఊడి రావాలి" అన్నాను.

అమ్మ బొమ్మని వెలుగులో పెట్టి బెజ్జంలోంచి లోపలికి చూసింది. వేలు పెట్టి గింజల్ని కదిపింది. మేనేజరు కింద కూర్చుని, ఇంకా పని మిగిలి ఉందన్నట్టు ఆమె చేతినే చూస్తోంది. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఊడిపోయేలా చేయడం మా నాన్న నాకు నేర్పలేదే" అంది అమ్మ చివరికి. ఆ గొంతులో బాధ లేదు. కొత్త పని చేతికొచ్చినప్పుడు ఉండే గొంతు అది. "తే ఆ గింజలు. ఎంత వదులు, ఎంత బిగువు, నాకు చూపించు."

ఇక అక్కణ్ణుంచి అమ్మని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మొదట అన్నీ వదులుగా నింపింది. మేనేజరుకి చెయ్యి తిరిగాక కొంచెం తడి కలిపింది. తర్వాత అడుగున గింజలు, పైన మెత్తటిది, మధ్యలో అడ్డంగా ఒక క్యారెట్ ముక్క. చివరికి చాలాసేపు పని ఉండాలనుకున్న రోజు ఫ్రీజరులో పెట్టింది, అది కూడా మధ్యలో పుల్ల గుచ్చి తీసి, గాలికి దారి వదిలిపెట్టి. "జీవితంలో మొదటిసారి చేతులారా బుడగ పెడుతున్నాను" అని నాన్నకి చూపించింది. అంత గర్వంగా ఏ సెట్టునీ చూపించలేదు. ప్రతి పూటా బొమ్మ అంచులు తడిమి చూసేది. చీలికో, ఊడబోయే ముక్కో కనబడితే పారేయాల్సిందే అంది. అంతవరకూ ఏదీ కనబడలేదు.

వెళ్ళేటప్పుడు మాట్లాడడం మాత్రం ఆమెచేత మాన్పించలేకపోయాం. చెప్పి వెళ్తే కుక్క ఆ మాటలకే బెంగపెట్టుకుంటుందని, బొమ్మ ఇచ్చి మామూలుగా వెళ్ళిపొమ్మని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ ఒప్పుకోలేదు. "ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా పోవడానికి నేనేమైనా దొంగనా?" అంది. మా ఇంట్లో ఎవరం వెళ్ళినా వెళ్ళొస్తానని చెప్పి, లోపలినుంచి సరే అని వినబడేదాకా గుమ్మంలోనే నిలబడతాం. నాన్న ఆ మాట కోసం బస్సు ఆలస్యం చేసుకున్న రోజులున్నాయి.

నేను ఒకరోజు అమ్మని మెట్ల మలుపులోకి తీసుకెళ్ళి కిటికీ సందులోంచి చూడమన్నాను. లోపల మేనేజరు బొమ్మతో పనిలో ఉంది. "ఇప్పుడు పిలువు" అన్నాను. అమ్మ మెల్లగా, "కన్నా" అంది. మేనేజరు బొమ్మ వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తి, మూలగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అమ్మ మాట లేకుండా వెళ్ళడం సాధన చేసింది. మొదట వీధి గుమ్మం దాకా, తర్వాత మలుపు దాకా, తర్వాత బజారు దాకా. ప్రతిసారీ బొమ్మలో తిండి అయిపోకముందే తిరిగొచ్చేది. కొన్నాళ్ళకి అయిపోయాక వచ్చినా మేనేజరు చాపమీద పడుకునే ఉంది.

నెలాఖరున ఒక మధ్యాహ్నం అమ్మ సంచీతో మెట్లెక్కుతుంటే కింది ఇంటావిడ ఎదురైంది. "ఇవాళ బజారుకెళ్ళలేదా? చప్పుడేమీ లేకపోతే ఇంట్లోనే ఉన్నారనుకున్నాను" అంది. అమ్మ సంచీ పైకెత్తి చూపించింది. ఇంట్లోకి రాగానే పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది.

మొదటిరోజు నాన్న ఎప్పటిలాగే తెల్లవారకముందే వెళ్ళిపోయాడు. నేను స్టూడియోకి ఆలస్యంగా వస్తానని చెప్పి, ముందే కిందికి దిగి మెట్ల మొదట్లో నిలబడ్డాను. కింది ఇంటావిడ కూడా చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది. ఆవిడ ఊడుస్తున్నదేమీ లేదు. కిటికీలోంచి ఆవిడ మావగారు దగ్గడం, మళ్ళీ నిశ్శబ్దం.

పైన ఫ్రీజరు తలుపు మూసిన చప్పుడైంది. రబ్బరు నేలకి తగిలి మెత్తగా దొర్లింది. గోళ్ళు దాని వెంట టకటకలాడాయి.

తలుపు తెరుచుకుంది. అమ్మ ఇస్త్రీ చీరలో, పనిముట్ల పెట్టె చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. అలవాటు కొద్దీ గుమ్మంలో ఆగింది. పెదవులు కదలడం నాకు కనబడింది. వాటిని గట్టిగా మూసుకుంది. తలుపు మెల్లగా లాగి, చప్పుడు కాకుండా గడియ పెట్టి మెట్లు దిగింది. లోపల బొమ్మ ఇంకా దొర్లుతూనే ఉంది.

నా పక్కనుంచి వెళ్తూ నా చెయ్యి ఒకసారి నొక్కింది. కింది ఇంటావిడ చీపురుతో పక్కకి తప్పుకుని దారిచ్చింది. అమ్మ తలెత్తుకుని, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా, వీధిలోకి నడిచి వెళ్ళిపోయింది.